సోషల్ వర్క్ డిగ్రీ: రాయలసీమ విద్యార్థి ముందున్న చిక్కుముడులు

ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చి, డిగ్రీ ప్రవేశాలకు ఆన్‌లైన్‌లో ఆప్షన్లు పెట్టుకునే రోజుల్లో అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల ఇళ్లలో బీకాం, బీఎస్సీ, బీసీఏల చుట్టూ జరిగే చర్చలోకి ఒక్కోసారి బీఎస్‌డబ్ల్యూ అనే పేరు కూడా వస్తుంది. బ్యాచిలర్ ఆఫ్ సోషల్ వర్క్ అని దాని పూర్తి పేరు. ఆ పేరు వినగానే పెద్దవాళ్లు సాధారణంగా మూడు ప్రశ్నలు వేస్తారు. సేవ చేయడానికి డిగ్రీ ఎందుకు? ఏదో ఒక బీఏ చదివి తరవాత ఎంఎస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్ అనే పీజీ) చేస్తే సరిపోదా? ఇది చదివితే ఏ కొలువు వస్తుంది? మూడూ న్యాయమైన ప్రశ్నలే. అయితే ఏ ఒక్కదానికీ ఒక్క మాటలో జవాబు లేదు. ఈ చదువు స్వభావం, దాన్ని నడిపే తీరు, మన చట్టాలు దాన్ని గుర్తించిన మేర ఒకదానితో ఒకటి పెనవేసుకుపోయి ఉండడమే అందుకు కారణం. వాటిని ఒక్కొక్కటిగా విడదీసి చూద్దాం.

దానానికీ సోషల్ వర్క్‌కూ తేడా ఎక్కడ

1866 నాటి కరువులో కర్నూలు జిల్లా ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి పేరిట ఆయనకు బంగారు పతకం వచ్చింది. ఆయన మీద కట్టిన పాటలను సీమ పల్లెల్లో తరాల తరబడి పాడుకున్నారు. ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టడానికి ఏ పట్టా అక్కర్లేదు, ఆ పనికి సాటి వచ్చేది కూడా వేరే లేదు. సోషల్ వర్క్ ఆ దానాన్ని తక్కువ చేయదు, దాని తరవాత మిగిలే ప్రశ్నలను పట్టుకుంటుంది. కరువు వచ్చిన ప్రతిసారీ అవే కుటుంబాలు ఎందుకు వరుసలో నిలబడుతున్నాయి? సాయం అందాల్సినవారి జాబితాలో ఎవరి పేరు లేదు, ఎందుకు లేదు? సాయం ఆగిపోయిన రోజు ఆ ఇల్లు తన కాళ్లమీద తాను నిలబడాలంటే ఇంటి లోపల ఏం మారాలి, ఊళ్లో ఏం మారాలి, ప్రభుత్వ కార్యాలయంలో ఏం మారాలి?

నిర్వచనంగా చెప్పాలంటే, వ్యక్తులు, కుటుంబాలు, సమూహాలు తమ సమస్యలను తామే ఎదుర్కోగల స్థితికి చేరడానికి తోడ్పడుతూ, వారి చుట్టూ ఉన్న పరిస్థితులను కూడా మార్చేందుకు శిక్షణ పొందినవారు ఒక పద్ధతి ప్రకారం చేసే పనే సోషల్ వర్క్. ఈ వృత్తికి కొన్ని నియమాలున్నాయి. ఎదుటి మనిషిని ఉన్నది ఉన్నట్టుగా అంగీకరించాలి, తప్పొప్పుల తీర్పు చెప్పకూడదు, చెప్పిన విషయాన్ని గుట్టుగా ఉంచాలి, చివరి నిర్ణయం ఆ మనిషికే వదిలిపెట్టాలి. చదివేటప్పుడు ఇవి తేలికగానే కనిపిస్తాయి. భర్త కొడుతున్నాడని చెప్పిన స్త్రీ మర్నాడు మళ్లీ ఆ ఇంటికే వెళ్తానన్నప్పుడు, ఆమె నిర్ణయాన్ని గౌరవిస్తూనే ఆమె భద్రతకు ఏర్పాట్లు ఎలా చేయాలన్నది మాత్రం శిక్షణ లేకుండా అబ్బే విద్య కాదు. సేవాభావం ఉన్నా సరే, డిగ్రీ ఎందుకన్న మొదటి ప్రశ్నకు జవాబు ఇలాంటి సందర్భాల్లోనే దొరుకుతుంది.

మన దేశంలో ఈ శిక్షణ 1936లో బొంబాయిలో మొదలైంది. నాగ్‌పాడా బస్తీలో పనిచేస్తున్న అమెరికన్ మిషనరీ క్లిఫర్డ్ మాన్‌షార్ట్ తొలి డైరెక్టరుగా, టాటా ట్రస్టు నిధులతో సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ ఏర్పడింది. 1944లో అదే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అయింది. పేరులోనే ఉన్నట్టు అది డిగ్రీ పూర్తిచేసినవారి కోసం పెట్టిన పాఠశాల. అంటే మన దేశంలో సోషల్ వర్క్ చదువు పైమెట్టు నుంచి మొదలైంది, డిగ్రీ స్థాయి తరవాత వచ్చి చేరింది. ఈనాటికీ ఎంఎస్‌డబ్ల్యూ కనిపించినంత విరివిగా బీఎస్‌డబ్ల్యూ కనిపించకపోవడానికి ఈ చరిత్ర ఒక కారణం.

తరగతి గదిలో ఉండేది ఏమిటి

ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినవారైనా సాధారణంగా బీఎస్‌డబ్ల్యూలో చేరవచ్చు. సమాజశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, ఆర్థికశాస్త్రాల ప్రాథమిక పాఠాలు, పిల్లలు, మహిళలు, వికలాంగులు, వృద్ధులు, కార్మికులకు సంబంధించిన చట్టాలు, సంక్షేమ పథకాల నడక ఇందులో ఉంటాయి. వీటన్నిటికీ మూలస్తంభాలుగా ఆరు పద్ధతులను బోధిస్తారు. ఒక వ్యక్తితో లేదా ఒక కుటుంబంతో చేసే పని కేస్ వర్క్. ఒకే రకమైన ఇబ్బంది ఉన్నవారిని కూర్చోబెట్టి చేసేది గ్రూప్ వర్క్. ఊరిని, వాడను కదిలించేది కమ్యూనిటీ ఆర్గనైజేషన్. సంక్షేమ సంస్థలను నడిపే పరిపాలన, అన్యాయాన్ని ప్రశ్నించే సామాజిక చర్య, సమస్యను లెక్కతో ఆధారంతో నిరూపించే పరిశోధన మిగిలిన మూడు. పాఠ్యపుస్తకంలో ఇవి ఆరు వేర్వేరు అధ్యాయాలుగా ఉంటాయి కాబట్టి ఇవి ఆరు వేర్వేరు ఉద్యోగాలని విద్యార్థులు అనుకోవడం కద్దు. వాస్తవంలో ఒకే ఇంటి గడప దగ్గర ఇవన్నీ ఎదురవుతాయి.

ఒక కౌలు రైతు కుటుంబం: ఒకే సమస్య, మూడు స్థాయిలు

ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. అనంతపురం జిల్లాలో ఒక కౌలు రైతు వరసగా రెండేళ్లు శెనక్కాయ పంట పోగొట్టుకుని, అప్పుల వల్ల ప్రాణం తీసుకున్నాడు. భార్య వయసు ముప్పై దాటలేదు. పదో తరగతి చదివే కూతురు, ఆరో తరగతి కొడుకు, కళ్లు సరిగా కనపడని అత్త ఆ ఇంట్లో మిగిలారు. ఇంటి ముందు అప్పులవాళ్లు కూర్చుని ఉన్నారు.

రైతు ఆత్మహత్య జరిగిన కుటుంబానికి పరిహారం ఇచ్చే విధానాన్ని 2004 జూన్‌లో జీవో 421 ద్వారా ప్రభుత్వం ఏర్పరచింది. ఆ మరణానికి వ్యవసాయ అప్పులే కారణమా అన్నది ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీఏ (అసిస్టెంట్ డైరెక్టరు)లతో కూడిన డివిజన్ స్థాయి కమిటీ తేలుస్తుంది. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం నివేదిక, భూమి పత్రాలు, బ్యాంకు అప్పు వివరాలు, ప్రైవేటు అప్పుల ప్రామిసరీ నోట్లు అడుగుతారు. దుఃఖంలో ఉన్న ఆ ఇల్లాలికి ఏ కాగితం ఎక్కడ ఉందో తెలియదు. భర్త ఎంత అప్పు చేశాడో కూడా అప్పులవాళ్లు చెప్పాకే తెలిసింది. ఇక్కడ మొదలయ్యేది కేస్ వర్క్. మొదటి రెండు మూడు సార్లు వెళ్లినప్పుడు కాగితాల మాట ఎత్తకుండా ఆమె చెప్పేది వినడం, ఇంట్లో తిండిగింజలున్నాయో లేదో చూడడం, కూతురి చదువు మాన్పించి పెళ్లి చేసేద్దామని బంధువులు చేస్తున్న ఆలోచనను గమనించడం, ఆ తరవాత ఏ కాగితం ఎవరి దగ్గర దొరుకుతుందో ఆమెతో కలిసి జాబితా రాసుకుని, ఆమెనే సచివాలయానికి, తహసీల్దారు కార్యాలయానికి తీసుకెళ్లడం ఇందులోకి వస్తాయి. తానే వెళ్లి పని చక్కబెట్టుకు రావడం సులభం. కానీ రేపు వితంతు పింఛనుకు, పిల్లల హాస్టలు సీటుకు, ఇంకోదానికి ఆమె ఒంటరిగా ఆ మెట్లెక్కాల్సి ఉంటుంది. అందుకే వెంట నడవాలంటుంది ఈ శాస్త్రం, ముందు నడవమనదు.

కొన్నాళ్లకు అదే మండలంలో ఇలాంటి ఇళ్లు మరికొన్ని ఉన్నాయని తెలుస్తుంది. ఆ స్త్రీలందరూ నెలకోసారి ఒకచోట కూర్చుంటే, ఒకరికి తెలిసిన దారి ఇంకొకరికి తెలుస్తుంది. వడ్డీవ్యాపారి ఇంటికొచ్చి కేకలేసినప్పుడు ఏం చెప్పాలో ఒకరి అనుభవం ఇంకొకరికి ధైర్యమవుతుంది. ఇది గ్రూప్ వర్క్.

ఆ కూర్చోవడంలోనే మూడో స్థాయి సమస్య బయటపడుతుంది. పరిహారం తిరస్కరణకు గురైన ఇళ్లను వరసగా పెట్టి చూస్తే, వాటిలో కౌలుదారుల ఇళ్లు కనిపిస్తాయి. కౌలు నోటిమాటగా జరిగింది. భూయజమాని సంతకం చేయనన్నాడు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతు సీసీఆర్‌సీ కార్డు (పంట సాగుదారు హక్కుల పత్రం) పొందాలన్నా యజమాని సమ్మతి కావాలి. కార్డు లేనివాడు కాగితం మీద రైతే కాడు. అతని చావు రైతు చావుగా రుజువు చేయడం కష్టమవుతుంది. ఇప్పుడు ఇది ఒక ఇంటి దురదృష్టం స్థాయిని దాటింది. వివరాలు సేకరించి, గ్రామసభలో పెట్టి, రైతు సంఘాలతో కలిసి జిల్లా యంత్రాంగాన్ని, అవసరమైతే న్యాయస్థానాన్ని ఆశ్రయించాల్సిన విషయమిది. సామాజిక చర్య, పరిశోధన అన్న అధ్యాయాలకు అర్థం ఇక్కడ తెలుస్తుంది.

ఈ మూడు స్థాయిల్లో ఏది అసలైన సోషల్ వర్క్ అన్న వాదన ఈ రంగంలో చాలాకాలంగా ఉంది. వ్యక్తికి ఓదార్పు, పథకాల సాయం అందించడంతో ఆగిపోతే పరిస్థితులతో సర్దుకుపొమ్మని నేర్పినట్టే అవుతుందని ఒక పక్షం విమర్శిస్తుంది. పాశ్చాత్య నగరాల్లో పుట్టిన కేస్ వర్క్ నమూనా కరువుసీమ పల్లెలకు అతకదని కూడా ఆ పక్షం అంటుంది. రెండో పక్షం వాదన ఏమిటంటే, వ్యవస్థ మారేదాకా ఆ పదో తరగతి పిల్ల ఆగలేదు, ఆమె పెళ్లి ఈ వేసవిలో ఆపాలి. పై ఉదాహరణను చూస్తే రెండింటిలోనూ బలముందని ఒప్పుకోవాల్సి వస్తుంది. కేస్ వర్క్ చేయకుండా కౌలుదారుల లెక్క తేలేది కాదు, లెక్క తేల్చి ఊరుకుంటే వచ్చే ఏడాది మరో ఇల్లు అదే గుమ్మం ముందు నిలబడుతుంది.

ఫీల్డ్ వర్క్: ఈ డిగ్రీలో తూకానికి నిలిచే భాగం

బీఎస్‌డబ్ల్యూను మిగతా ఆర్ట్స్ డిగ్రీల నుంచి వేరుచేసేది ఫీల్డ్ వర్క్. వారంలో సాధారణంగా రెండు రోజులు విద్యార్థి తరగతికి రాడు. ఏదో ఒక ఆసుపత్రిలో, బాలల సంరక్షణ కేంద్రంలో, స్వచ్ఛంద సంస్థలో, పల్లెలో పనిచేస్తాడు. వీటికి తోడు పల్లెలో బసచేసే గ్రామీణ శిబిరం, కొన్నిచోట్ల చివర్లో నెలరోజుల ఏకధాటి శిక్షణ ఉంటాయి. పనిచేయడం ఇందులో సగమే. ఆ రోజు ఎవరిని కలిశాడో, ఏం మాట్లాడాడో, తనకేమనిపించిందో వివరంగా నివేదిక రాయాలి. అధ్యాపకుడు ఆ నివేదికను చదివి, వారానికోసారి ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడాలి.

ఈ చివరి అంశం విలువ తెలియాలంటే ఒక చిన్న సందర్భాన్ని దగ్గరగా చూడాలి. ఒక విద్యార్థి తన నివేదికలో 'ఆమె సరిగా సహకరించలేదు' అని రాశాడనుకుందాం. మంచి పర్యవేక్షకురాలు ఆ వాక్యం కింద గీతగీసి అడుగుతుంది: నువ్వు వెళ్లింది ఏ వేళకు? పొయ్యి మీద ఎసరు పెట్టి ఉందా? అత్త పక్కనే కూర్చుందా? నువ్వు నిలబడి అడిగావా, కూర్చుని అడిగావా? మొదటి ప్రశ్నే ఆధార్ కార్డు గురించా? విద్యార్థి గుర్తుచేసుకుని చెబుతున్నకొద్దీ, ఆమె ఎందుకు మాట్లాడలేదో అతనికే అర్థమవుతుంది. మరుసటి వారం అతను వేరే వేళకు వెళ్తాడు, పిల్లవాడి బడి గురించి మాట మొదలుపెడతాడు. ఏ పాఠ్యపుస్తకమూ ఇంత కచ్చితంగా నేర్పలేదు. ఈ వ్యాసం రాస్తున్న వ్యక్తిగా నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఈ డిగ్రీ విలువ విశ్వవిద్యాలయం పేరు మీద కంటే, సిలబస్ మీద కంటే, ఆ గీత గీసే మనిషి ఉన్నాడా లేడా అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంది.

ఫీల్డ్ వర్క్‌కు రాయలసీమ కంటే విస్తృతమైన బడి దొరకడం కష్టం. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఊళ్లలో బడుల దగ్గర నుంచి బత్తలపల్లి ఆసుపత్రి దాకా పనిచేసింది. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ 1990 నుంచి బీడుభూములను పచ్చబరుస్తూ, పొదుపు, సేంద్రియ సాగు సహకార సంఘాలను పెంచింది. జాతీయ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ పథకంపై జరిగిన సామాజిక తనిఖీల్లో మస్టర్ల (కూలీల హాజరు పట్టీల) పేర్లను ఊళ్లో బహిరంగంగా చదివి నిజానిజాలు తేల్చిన పద్ధతి సోషల్ వర్క్ విద్యార్థికి చక్కని పాఠం. కర్నూలు పడమటి మండలాలైన కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి (పంట కాలపు వలసకు) వెళ్లినప్పుడు పిల్లల చదువు ఏమవుతుంది, వలస పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టళ్లలో ఎవరు మిగులుతారు, ఎవరు బండెక్కుతారు అన్నది ఒక పూర్తి ఏడాది అధ్యయనానికి సరిపడే విషయం. కడప జిల్లాలో గండికోట జలాశయం కింద తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు ఖాళీ అయ్యాక పునరావాస కాలనీల్లో పాత ఇరుగుపొరుగు ఎలా చెదిరింది, ఎలా మళ్లీ కుదురుకుంటోంది అన్నది మరొకటి.

ఇంత అవకాశం ఉన్నా అది విద్యార్థికి చేరే దారిలో ఇబ్బందులున్నాయి. కొన్ని సంస్థలు విద్యార్థులను సర్వే ఫారాలు నింపడానికి, సభలకు కుర్చీలు సర్దడానికి వాడుకుంటాయి. అధ్యాపకుల కొరత ఉన్నచోట నివేదికలు సంతకాలకే పరిమితమవుతాయి. సాయంత్రం ఆఖరి బస్సు దాటితే పల్లె నుంచి తిరిగి రాలేని ఆడపిల్లల భద్రత, వారానికి రెండుసార్లు పెట్టుకోవాల్సిన చార్జీలు కూడా చిన్న విషయాలు కావు. ప్రాస్పెక్టస్‌లో ఫీల్డ్ వర్క్ అన్న ఒక్క మాట కింద ఇన్ని తేడాలు దాగి ఉంటాయి.

ఒకేలా వినిపించే నాలుగు దారులు

ఈ రంగంలో ఎక్కువ గందరగోళం పేర్ల దగ్గర వస్తుంది. మొదటిది పూర్తిస్థాయి బీఎస్‌డబ్ల్యూ. ఇందులో చదువంతా సోషల్ వర్కే, ఫీల్డ్ వర్క్ మొదటి ఏడాది నుంచే ఉంటుంది. పొరుగున కర్ణాటకలో ఇది ఎక్కువ కళాశాలల్లో ఉంది. మడకశిర, రాయదుర్గం, ఆదోని వైపు పిల్లలు బెంగళూరుకో బళ్లారికో వెళ్లి చదవడానికి ఇదొక కారణం. రెండోది బీఏలో సోషల్ వర్క్ ఒక సబ్జెక్టుగా ఉండడం. దీనిలో చరిత్ర, రాజనీతిశాస్త్రం వంటి వాటి పక్కన సోషల్ వర్క్ ఉంటుంది కాబట్టి క్షేత్రంలో గడిపే కాలం సహజంగానే తగ్గుతుంది. మూడోది దూరవిద్య. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం బీఎస్‌డబ్ల్యూను నడుపుతోంది. దానిలోనూ ఫీల్డ్ వర్క్ తప్పనిసరి. పనిచేస్తూ చదువుకోవాల్సిన వారికి, పెళ్లయ్యాక చదువు కొనసాగించే స్త్రీలకు ఇది తెరిచి ఉన్న తలుపు. అయితే పర్యవేక్షకుడు ఎంత దగ్గరలో, ఎంత శ్రద్ధగా దొరుకుతాడన్నదాని మీద ఆ అనుభవం ఆధారపడుతుంది.

నాలుగోది డిగ్రీయే కాదు, కానీ దాన్ని సోషల్ వర్క్‌గా పొరబడేవారున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి తెచ్చిన మార్పుల్లో భాగంగా డిగ్రీ విద్యార్థులందరికీ మొదటి ఏడాది తరవాత 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు. బీకాం విద్యార్థి కూడా ఊళ్లో సర్వే చేసి నివేదిక ఇస్తాడు. సమాజాన్ని పరిచయం చేయడానికి అది మంచి ఏర్పాటే. కానీ అందులో కేసును నెలల తరబడి అంటిపెట్టుకుని ఉండడం, దాన్ని పర్యవేక్షకుడితో విడమరచి చూడడం ఉండవు.

ఎంఎస్‌డబ్ల్యూకు ఏ డిగ్రీ అయినా సరిపోతున్నప్పుడు

ఇక రెండో ప్రశ్న. ఎంఎస్‌డబ్ల్యూలో చేరడానికి సాధారణంగా ఏ డిగ్రీ అయినా చాలు. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో గ్రామీణాభివృద్ధి, సోషల్ వర్క్ విభాగం ఉంది. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనూ ఎంఎస్‌డబ్ల్యూ ఉంది. బీకాం చదివిన అమ్మాయి, బీఎస్‌డబ్ల్యూ చదివిన అమ్మాయి అదే తరగతిలో పక్కపక్కనే కూర్చుంటారు. ఇద్దరికీ రెండేళ్లే, ఇద్దరికీ అదే సిలబస్. మరి మొదటి మూడేళ్ల వల్ల కలిగిన లాభమేమిటి?

అమెరికాలో ఈ ప్రశ్నకు వ్యవస్థే జవాబిచ్చింది. అక్కడ బీఎస్‌డబ్ల్యూ కార్యక్రమాలకు 1974 నుంచి గుర్తింపు ప్రక్రియ ఉంది. గుర్తింపు పొందిన బీఎస్‌డబ్ల్యూ చదివినవారికి చాలా విశ్వవిద్యాలయాలు ఎంఎస్‌డబ్ల్యూ కాలాన్ని తగ్గిస్తాయి. మన దగ్గర అటువంటి రాయితీ సాధారణంగా లేదు. కాబట్టి కాగితం మీద చూస్తే బీఎస్‌డబ్ల్యూ వల్ల కాలం కలిసిరాదు.

దీన్ని బట్టి బీఎస్‌డబ్ల్యూ అనవసరమని వాదించేవారి తర్కం ఇలా సాగుతుంది: డిగ్రీలో ఆర్థికశాస్త్రమో, న్యాయమో, మనస్తత్వశాస్త్రమో గట్టిగా చదివి, ఆ పునాదితో ఎంఎస్‌డబ్ల్యూకు వస్తే ఆలోచన విశాలమవుతుంది. పద్దెనిమిదేళ్ల వయసులో ఒక ఇంటి విషాదాన్ని మోసే పరిపక్వత అందరికీ ఉండదు. ఈ డిగ్రీతో గ్రూప్ పరీక్షలకు వెళ్లవచ్చు గాని, డీఎస్సీ టీచరు పోస్టులకు కావలసిన పాఠశాల సబ్జెక్టు చేతిలో లేకపోవడం వల్ల ఒక దారి ఇరుకవుతుంది.

రెండో వైపు వాదన కూడా తీసిపారేయదగ్గది కాదు. ఎంఎస్‌డబ్ల్యూ రెండేళ్లలో మొదటి ఏడాది మౌలిక విషయాలకే సరిపోతుంది. బీఎస్‌డబ్ల్యూ చేసినవారు ఆ ఏడాదిలో లోతుకు వెళ్లగలరు. వినడం, రాయడం, కార్యాలయంలో మాట్లాడడం అలవాటుగా మారడానికి మూడేళ్లు పెద్ద వ్యవధి కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఇరవై ఒక్క ఏళ్లకే ఇంటికి సంపాదన తేవాల్సిన పిల్లలు మన ప్రాంతంలో ఎందరో ఉన్నారు. వారికి ఐదేళ్ల చదువు ఒక ఊహ మాత్రమే, మూడేళ్లకే చేతికందే వృత్తి శిక్షణ నిజంగా అక్కరకొచ్చే సంగతి. ఈ చర్చలో పైచదువుకు వెళ్లేవారిని మనసులో పెట్టుకుని వాదించడం ఎక్కువ జరుగుతుంది, డిగ్రీతో ఆగిపోవాల్సిన వారిని మరచిపోవడం కూడా జరుగుతుంది.

చట్టాలు ఎవరిని సోషల్ వర్కర్ అంటాయి

డాక్టరుకు, వకీలుకు, నర్సుకు ఉన్నట్టు మన దేశంలో సోషల్ వర్కర్లందరినీ నమోదు చేసే చట్టబద్ధ మండలి లేదు. ఇంగ్లండులో 2005 నుంచి నమోదు లేనివారు తాము సోషల్ వర్కరునని చెప్పుకోవడమే నేరం. ఇక్కడ ఎవరైనా చెప్పుకోవచ్చు. చట్టాలు కూడా తలా ఒక తీరుగా మాట్లాడతాయి.

2015 బాలల న్యాయ చట్టం ప్రకారం జువెనైల్ జస్టిస్ బోర్డులో ఒక మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సోషల్ వర్కర్లు ఉండాలి, వారిలో ఒకరైనా మహిళ కావాలి. వారి అర్హత పిల్లల ఆరోగ్యం, విద్య, సంక్షేమ రంగాల్లో ఏడేళ్ల చురుకైన అనుభవం, లేదా బాలల మనస్తత్వశాస్త్రం, మనోవైద్యం, సమాజశాస్త్రం, న్యాయశాస్త్రాల్లో ఏదో ఒక పట్టాతో వృత్తిలో ఉండడం. ఆ పట్టాల వరుసలో సోషల్ వర్క్ పట్టా పేరు లేదు. అదే చట్టంలో బాలల సంక్షేమ కమిటీ సభ్యుల అర్హతల్లో మాత్రం సోషల్ వర్క్ పట్టా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరో కొసన నిలుస్తుంది. సైకియాట్రిక్ సోషల్ వర్కరు అనిపించుకోవాలంటే ఎంఎస్‌డబ్ల్యూ తరవాత రెండేళ్ల పూర్తికాల ఎంఫిల్ కావాలంటుంది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం తన పరిధిలోని జాబితాలో వైద్య, మానసిక చికిత్సా రంగాల సోషల్ వర్కర్లను చేర్చింది. అంటే ఆసుపత్రిలో పనిచేసేవారికి ఒక నియంత్రణ వచ్చే దారి పడింది, పల్లెలోనో బస్తీలోనో పనిచేసేవారికి ఏమీ లేదు.

అందరికీ కలిపి ఒక జాతీయ మండలి రావాలని సోషల్ వర్క్ అధ్యాపకులు దశాబ్దాలుగా కోరుతున్నారు. మండలి ఉంటే కనీస ఫీల్డ్ వర్క్ గంటలు, అధ్యాపకుల నిష్పత్తి, నైతిక నియమావళి అమలవుతాయి, సంతకాలతో నడిచే కోర్సులు మూతపడతాయి అన్నది వారి వాదన. దీనిని సందేహించేవారూ క్షేత్రంలో ఉన్నారు. జోగినీ దురాచారం మీద, వెట్టి మీద, పత్తి విత్తనాల పొలాల్లో బాలకార్మికుల మీద పోరాడిన చాలామంది దగ్గర పట్టా లేదు. లైసెన్సు తప్పనిసరి చేస్తే అటువంటి వారి మాట చెల్లకుండా పోతుందన్నది వారి భయం. ఈ రెండో ఆందోళనను తోసిపుచ్చలేం గాని, కళాశాలల నాణ్యతను చూసే వ్యవస్థకూ, ఊళ్లో నిలబడి ప్రశ్నించే మనిషికి అడ్డుకట్ట వేసే వ్యవస్థకూ తేడా పాటించడం అసాధ్యమేమీ కాదని నాకు అనిపిస్తుంది.

కొలువుల సంగతి

చట్టంలోని ఈ అస్పష్టతే ఉద్యోగాల్లోనూ ప్రతిఫలిస్తుంది. డిగ్రీ స్థాయిలో నేరుగా సరిపోయే ప్రభుత్వ అనుబంధ కొలువుకు మంచి ఉదాహరణ జిల్లా బాలల సంరక్షణ విభాగం. కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య మార్గదర్శకాల ప్రకారం ఈ విభాగంలో సోషల్ వర్కరు, కౌన్సెలరు పోస్టులుంటాయి. వాటికి సోషల్ వర్క్, సమాజశాస్త్రం వంటి వాటిలో డిగ్రీ ఉన్నవారు అర్హులు. నెలకు ఇచ్చే మొత్తం రూ.18,536. ప్రొటెక్షన్ ఆఫీసరుకు రూ.27,804 ఉంటుంది, అక్కడ పీజీకి గాని డిగ్రీతో పాటు అనుభవానికి గాని ప్రాధాన్యం. ఇవన్నీ కాంట్రాక్టు కొలువులు. హింసకు గురైన మహిళలకు సాయపడే సఖి కేంద్రాలు, హెచ్‌ఐవీ కౌన్సెలింగ్ కేంద్రాలు, వయోవృద్ధుల ఆశ్రమాలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల పాఠశాలలు ఇదే కోవలోకి వస్తాయి.

పరిశ్రమల వైపు చూస్తే, 1948 ఫ్యాక్టరీల చట్టం 500 మంది, అంతకు మించి కార్మికులున్న చోట సంక్షేమ అధికారి ఉండాలన్నది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను 250కి దించింది. అయితే ఈ కొలువులకు కార్మిక సంక్షేమంలో పీజీ ఉన్నవారినే ఎక్కువగా చూస్తారు. 2013 కంపెనీల చట్టం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలనడంతో అక్కడా కొంత పని పుట్టింది.

స్వచ్ఛంద సంస్థల్లో కొలువు ఆ సంస్థకు వచ్చే నిధులతో ముడిపడి ఉంటుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ, విదేశీ నిధుల్లో పరిపాలన ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదలాయించడాన్ని నిషేధించింది. పారదర్శకత కోసం ఇది అవసరమని ప్రభుత్వం చెప్పింది. పెద్ద సంస్థ నుంచి నిధులు అందుకుని మండలస్థాయిలో పనిచేసే చిన్న సంస్థలకు ఇది ఊపిరాడకుండా చేసిందని ఆ రంగంలోనివారు చెబుతారు. దాతల సొమ్ము మీద దశాబ్దాలుగా ఇన్ని ఆసుపత్రులు, బడులు నడిచిన అనంతపురం వంటి ప్రాంతంలో ఈ నిబంధనల ప్రభావం ఢిల్లీలో కంటే స్పష్టంగా తెలుస్తుంది.

జీతం తక్కువ, భద్రత లేదు అన్నది ఉద్యోగి కష్టంగానే సాధారణంగా చర్చకు వస్తుంది. దానికి రెండో పార్శ్వం కూడా ఉంది. బాల్యవివాహం ఆగి కస్తూర్బా విద్యాలయంలో చేరిన పిల్ల విషయం తీసుకుంటే, సెలవులకు ఇంటికెళ్లినప్పుడల్లా ఆ పిల్లను ఎవరో ఒకరు పలకరించాలి, తండ్రితో మాట్లాడాలి, తిరిగి బడికి వచ్చిందో లేదో చూడాలి. ఈ పని పద్దెనిమిదేళ్లు నిండేదాకా సాగాలి. కాంట్రాక్టు ముగిసి ఆ సోషల్ వర్కరు వెళ్లిపోతే, కొత్తగా వచ్చినవారి చేతికి ఫైలు అందుతుంది గాని, ఆ ఇంటివాళ్లతో కుదిరిన నమ్మకం అందదు. మళ్లీ గుమ్మం దగ్గర నిలబడి మొదటినుంచి మొదలుపెట్టాలి. సోషల్ వర్కర్ల పోస్టులను శాశ్వతం చేయాలన్న కోరికను ఉద్యోగుల డిమాండుగా కంటే పిల్లల సంరక్షణలో భాగంగా చూడాల్సింది అందుకే. బీఎస్‌డబ్ల్యూకు మన ప్రాంతంలో ఆదరణ పెరుగుతుందా లేదా అన్నది కూడా కళాశాలల సంఖ్య మీద కంటే ఆ పోస్టుల తీరు మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది.